అజంతా చిత్రాలపై లక్కపూత: నిజాం కాలపు సంరక్షణ యత్నం

అజంతా గుహలు నాడు హైదరాబాదు రాజ్యంలో భాగం. 1914లో ఏర్పడిన నిజాం పురావస్తుశాఖకు గులాం యజ్దానీ అధిపతి. గోడలపై పెచ్చులూడుతున్న చిత్రాలను నిలబెట్టడం ఆ శాఖకు ఎదురైన కఠినమైన బాధ్యత. తగిన అనుభవజ్ఞులు దేశంలో దొరకనందున ఇటలీ నుంచి లోరెంజో చెక్కోనీ, ఓర్సినీ అనే నిపుణులను రప్పించారు. 1920-22 నడుమ వారు వదులైన పూతను రాతికి తిరిగి అతికించి, విరిగిన అంచులను బిగించారు. నేటికీ మిగిలిన చిత్రభాగం కొంత ఆ శ్రమ ఫలితమే.

చిక్కు వచ్చింది షెల్లాక్ పూతతో. ఇటలీ కుడ్యచిత్రాలు ప్రధానంగా తడి సున్నంపై వేసినవి. రంగు సున్నంలోనే గట్టిపడుతుంది. అజంతాలో వరిపొట్టు, మొక్కల నార కలిపిన మట్టిపూత మీద పలుచని సున్నం వేసి, ఆరిన తరువాత జిగురు కలిపిన రంగులు అద్దారు. ఈ భేదానికి తగిన విలువ దక్కినట్లు కనిపించదు. షెల్లాక్ (అది మన లక్కే) కాలక్రమేణా పసుపెక్కి, దుమ్మును పట్టుకొని, పెళుసుబారింది. అయితే నేరమంతా ఇటలీవారిదే అనడం న్యాయం కాదు. 19వ శతాబ్దంలో ప్రతులు గీసినవారు సైతం ఈ చిత్రాలకు వార్నిష్ పూశారు.

స్వాతంత్ర్యానంతరం భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ రసాయనజ్ఞులు ద్రావకాలతో ఆ పొరలను తొలగించే పని చేపట్టారు. పసుపు పొర కింద ఆకుపచ్చగా తోచిన రాజావర్తపు నీలం, పొర తొలగిన చోట తిరిగి నీలంగా కనిపిస్తున్నది.