నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లు

నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లు అనగా బయటి రొదను ఎలక్ట్రానిక్ పద్ధతిలో తగ్గించి, వినదలచిన పాటను గాని మాటను గాని స్పష్టంగా చెవికి చేర్చు సాధనాలు. తల మీదుగా చెవులను కప్పునట్టివి, చెవిలో దూర్చుకొనునట్టివి అని ఇవి రెండు ముఖ్య రూపాలలో లభిస్తాయి. మొదట విమాన చోదకుల కొరకు తయారైన ఈ సాధనాలు 2020 తరువాత సామాన్యులకు అందుబాటు ధరలలోకి వచ్చాయి. బస్సు, రైలు, విమాన ప్రయాణాలలో తక్కువ శబ్దస్థాయి వద్దనే పాట వినగలుగుట వీటి ప్రధాన ప్రయోజనం. ఈ వ్యాసంలో వీటి పనితీరు, తక్కువ ధరలో ఎంపిక చేసుకొను విధానం, అనంతపురం పీఠభూమి వంటి మెట్ట ప్రాంతాలలో తీసుకోవలసిన జాగ్రత్తలు వివరించబడినవి.

చరిత్ర

ఒక శబ్దతరంగానికి సరిగా వ్యతిరేకమైన తరంగాన్ని కలిపితే రెండూ ఒకదానినొకటి రద్దు చేసుకొంటాయన్న సూత్రంపై జర్మనీకి చెందిన పాల్ ల్యూగ్ 1936లో అమెరికా పేటెంటు పొందాడు. 1950 దశకంలో లారెన్స్ ఫోగెల్ విమానాలు, హెలికాప్టర్ల చోదకుల కొరకు ఇటువంటి పద్ధతులను రూపొందించాడు.

1978లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఆచార్యుడు అమర్ బోస్ జ్యూరిక్ నుండి విమానంలో తిరిగి వస్తూ, అక్కడ ఇచ్చిన హెడ్‌ఫోన్లలో ఇంజను హోరు వలన సంగీతం సరిగా వినిపించకపోవుట గమనించి, ప్రయాణంలోనే దీనికి పరిష్కారపు లెక్కలు వేసుకొన్నాడు. అమర్ బోస్ (1929–2013) తండ్రి బెంగాల్ నుండి అమెరికాకు వలస వెళ్ళినవాడు. 1986లో ఎక్కడా ఆగక, ఇంధనం నింపుకొనక భూమిని చుట్టి వచ్చిన వాయేజర్ విమానంలో బోస్ సంస్థ నమూనా హెడ్‌సెట్లను వాడారు. 1989లో ఆ సంస్థ విమాన చోదకుల హెడ్‌సెట్‌ను, 2000లో క్వయట్‌కంఫర్ట్ పేరుతో సాధారణ ప్రయాణికుల హెడ్‌ఫోన్లను విడుదల చేసింది. 2019లో ఆపిల్ సంస్థ ఎయిర్‌పాడ్స్ ప్రో విడుదల చేసిన తరువాత తీగ లేని చిన్న ఇయర్‌బడ్లలో ఈ సదుపాయం విరివిగా వ్యాపించింది.

పనిచేయు విధానం

హెడ్‌ఫోను బయట గాని, లోపల గాని, రెండు చోట్లా గాని చిన్న మైకులు ఉంటాయి. ఇవి బయటి రొదను గ్రహించి లోపలి చిప్‌కు పంపుతాయి. చిప్ దానికి వ్యతిరేక తరంగాన్ని తయారుచేసి పాటతో పాటు స్పీకరు ద్వారా వినిపిస్తుంది. రెండు తరంగాలు చెవి వద్ద కలిసి రొద తగ్గుతుంది. ఈ తరంగం పరిమాణంలో పదోవంతు తేడా ఉన్ననూ రొద సుమారు 20 డెసిబెల్స్‌కు మించి తగ్గదు. కావున చెవికి సరిగా అమరుట, చిప్ నాణ్యత చాలా ముఖ్యం.

ఈ పద్ధతి తక్కువ పౌనఃపున్యపు ఎడతెగని హోరుపై బాగా పనిచేస్తుంది. 100 హెర్ట్‌జ్ శబ్దపు తరంగదైర్ఘ్యం సుమారు 3.4 మీటర్లు, 1000 హెర్ట్‌జ్ వద్ద అది 34 సెంటీమీటర్లు మాత్రమే. తరంగం పొట్టిదయ్యేకొద్దీ స్వల్పమైన ఆలస్యం కూడా లెక్క తప్పిస్తుంది. అందువలన బస్సు ఇంజను, ఏ.సి., విమానపు హోరు బాగా తగ్గుతాయి గాని పసిపిల్లల ఏడుపు, హారను మోత, పక్క సీటువారి మాటలు, బస్సులో వేయు సినిమా పాటలు పూర్తిగా పోవు. ఎక్కువ పౌనఃపున్యపు శబ్దాలను ఆపునది ప్రధానంగా చెవిని మూసివేసే రబ్బరు బుడిపె లేదా మెత్తయే. దీనిని పాసివ్ ఐసొలేషన్ అంటారు.

ప్రకటనలలోని పదాలు

తక్కువ ధర సాధనాలు కొనువారు ఎక్కువగా పొరబడునది ఇక్కడనే.

* ఏ.ఎన్.సి. (యాక్టివ్ నాయిస్ క్యాన్సిలేషన్): ధరించినవారి చెవికి చేరు రొదను తగ్గిస్తుంది. ఈ వ్యాసపు విషయం ఇదే.
* ఇ.ఎన్.సి. (ఎన్విరాన్‌మెంటల్ నాయిస్ క్యాన్సిలేషన్): ఫోనులో మాట్లాడునప్పుడు అవతలివారికి మన వైపు రొద వినపడకుండా చేస్తుంది. ధరించినవారికి బయటి శబ్దం తగ్గదు. పెట్టె మీద కేవలం "నాయిస్ క్యాన్సిలేషన్" అని ఉంటే అది ఇ.ఎన్.సి. మాత్రమేనా అని విచారించాలి.
* డెసిబెల్స్ అంకె: "32 డెసిబెల్స్ వరకు" వంటి అంకెలు ఏదో ఒక పౌనఃపున్యం వద్ద లభించు గరిష్ఠ విలువలు. అన్ని శబ్దాలూ అంత తగ్గవు. వేర్వేరు సంస్థల అంకెలను పోల్చుట వలన ప్రయోజనం తక్కువ.
* నాయిస్: ఇది ఒక భారతీయ బ్రాండు పేరు కూడా. పెట్టె మీద ఆ పేరు ఉన్నంత మాత్రాన లోపలి సాధనానికి ఏ.ఎన్.సి. ఉన్నట్లు కాదు.
* ట్రాన్స్‌పరెన్సీ లేదా యాంబియంట్ మోడ్: బయటి శబ్దాన్ని మైకు ద్వారా కావాలని లోపలికి వినిపించు సదుపాయం.

ఎంపిక

2020 దశకపు మధ్య భాగంలో భారతదేశంలో ఏ.ఎన్.సి. గల ఇయర్‌బడ్లు సుమారు 1,500 నుండి 3,000 రూపాయల మధ్య విరివిగా లభిస్తున్నాయి. చెవులను కప్పు పెద్ద హెడ్‌ఫోన్లకు సాధారణంగా ఇంతకంటె ఎక్కువ అవుతుంది. అంతకంటె తక్కువ ఖర్చు పెట్టదలచినవారికి చెవిలో బిగువుగా కూర్చొను తీగ ఇయర్‌ఫోన్లు, వాటికి సరైన కొలత బుడిపెలు మంచి ప్రత్యామ్నాయం. నాసిరకపు ఏ.ఎన్.సి. కంటె ఇవే మేలుగా ఉండు సందర్భాలు కలవు.

సంగీతం కొరకు

కొన్ని చౌక సాధనాలలో ఏ.ఎన్.సి. వేయగానే పాట స్వరూపం మారిపోతుంది. మంద్ర ధ్వనులు అతిగా ఉబ్బుతాయి. తెలిసిన పాటనే ఏ.ఎన్.సి. వేసి ఒకసారి, ఆపి ఒకసారి విని పోల్చాలి. పిదప పాట ఆపివేసి, ఫ్యాను లేదా ఏ.సి. దగ్గర నిలబడి వినాలి. అప్పుడు "స్స్" మను సన్నని శబ్దం బిగ్గరగా ఉన్నచో అది నాసిరకపు లక్షణం.

సినిమాల కొరకు

బ్లూటూత్‌లో ధ్వని కొంత ఆలస్యంగా చేరుతుంది. నటుల పెదవులు కదిలిన తరువాత మాట వినిపించుట దీని వలననే. వీడియో యాప్‌లు చాలావరకు ఈ తేడాను సరిచేస్తాయి. ఆటలలో మాత్రం ఇబ్బంది తెలుస్తుంది. 3.5 మి.మీ. తీగ పెట్టుకొను వీలున్న హెడ్‌ఫోన్లలో ఈ సమస్య ఉండదు. విమానపు సీటు తెరలకు కూడా చాలాచోట్ల ఈ తీగే అవసరం.

ప్రయాణం కొరకు

అనంతపురం నుండి బెంగళూరు 44వ నెంబరు జాతీయ రహదారిపై సుమారు నాలుగు గంటల ప్రయాణం. విమానమెక్కువారు ఇదే దారిలోని దేవనహళ్ళి వద్ద 2008లో ప్రారంభమైన కెంపేగౌడ విమానాశ్రయానికి వెళుతుంటారు. ఇటువంటి ప్రయాణాలకు ఒక చార్జింగుతో ఏ.ఎన్.సి. వేసి ఉంచినప్పుడు ఎన్ని గంటలు పనిచేయునో చూడాలి. పెట్టె మీది పెద్ద అంకె తరచుగా ఏ.ఎన్.సి. ఆపివేసి, కేసులోని చార్జింగును కూడా కలిపి చెప్పినది. పవర్ బ్యాంకులను విమానంలో చేతిసంచిలోనే ఉంచుకోవాలి, లగేజిలో వేయరాదు.

మెట్ట ప్రాంతపు పరిస్థితులు

అనంతపురం దేశంలో అతి తక్కువ వర్షపాతం గల ప్రాంతాలలో ఒకటి. ఇక్కడి సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. మాత్రమే. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. నైరుతి ఋతుపవన కాలంలో వాన కంటె గాలి ఎక్కువ. రామగిరి పరిసరాలలో గాలిమరలు వెలసినది ఈ గాలి వలననే. ఈ పరిస్థితులలో గమనించవలసినవి:

* గాలి: మైకులకు గాలి నేరుగా తగిలితే దానిని కూడా రొదగా గ్రహించి, చెవిలో గుడగుడ శబ్దం పుట్టిస్తాయి. ఆరుబయట గాలి వీచునప్పుడు ఏ.ఎన్.సి. ఆపివేయుట మంచిది.
* దుమ్ము: ఐ.పి. సూచికలో మొదటి గుర్తు దుమ్మునకు, రెండవది నీటికి సంబంధించినది. "ఐపిఎక్స్4" అనగా చెమట, తుంపరలను తట్టుకొనును గాని, దుమ్ము విషయంలో ఏ హామీ లేదు. "ఐపి54" లేదా "ఐపి55" అని ఉన్నవి దుమ్ము నుండి కూడా కొంత రక్షణ గలవి.
* ఎండ: లిథియం బ్యాటరీలు వేడికి త్వరగా చెడిపోతాయి. ఎండలో నిలిపిన కారులో, బస్సు కిటికీ అంచున వీటిని వదలరాదు. వేడెక్కి ఉన్నప్పుడు చార్జింగు పెట్టరాదు.
* చెమట: చెవులను కప్పు హెడ్‌ఫోన్లు వేసవిలో ఉక్కపోస్తాయి. వాటి కృత్రిమ తోలు చెమటకు పొరలుగా ఊడిపోతుంది. విడిగా మెత్తలు దొరుకు నమూనాలను ఎంచుకోవాలి.

కొనుటకు ముందు సమీప సేవాకేంద్రం ఏ ఊరిలో ఉన్నదో తెలుసుకోవాలి. మరమ్మతు కొరకు బెంగళూరికో హైదరాబాదుకో పోవలసి వస్తే చౌక ధర వలన మిగిలినది ప్రయాణ ఖర్చులకే పోతుంది. తీగ లేని హెడ్‌ఫోన్లు భారతీయ ప్రమాణాల సంస్థ వారి తప్పనిసరి నమోదు పరిధిలో ఉన్నాయి. పెట్టె మీద ఆ గుర్తు, నమోదు సంఖ్య ఉన్నవో లేవో చూసి, రసీదు తీసుకోవాలి.

వినికిడి రక్షణ

బస్సులో రొద ఎక్కువైనకొద్దీ వినువారు తమకు తెలియకుండానే పాట శబ్దం పెంచుకొంటారు. చెవికి హాని కలుగునది ఇందువలననే. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం కలిసి 2019లో వెలువరించిన ప్రమాణం ప్రకారం పెద్దలు వారానికి 80 డెసిబెల్స్ వద్ద 40 గంటలు, పిల్లలు 75 డెసిబెల్స్ వద్ద 40 గంటలు మించి వినరాదు. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగినప్పుడెల్లా వినదగిన సమయం సగమవుతుంది. అనగా పెద్దలకు 83 డెసిబెల్స్ వద్ద 20 గంటలు, 86 వద్ద 10 గంటలు, 95 వద్ద వారమంతటికీ గంటంపావు మాత్రమే. లోపలి చెవిలోని సూక్ష్మ రోమకణాలు ఒకసారి నశిస్తే మనుషులలో తిరిగి పుట్టవు. హెడ్‌ఫోన్లు తీసిన పిదప చెవిలో గుయ్‌మని మోత వినిపించినచో శబ్దం ఎక్కువైనదనుటకు అది గుర్తు. ఏ.ఎన్.సి. ఉన్నందువలన లాభం రావాలంటే పాట శబ్దం తగ్గించుకొనవలెను. తగ్గించనిచో ఆ ఖర్చు చెవికి మేలు చేయదు.

వాడరాని సందర్భాలు

ఈ హెడ్‌ఫోన్లు కర్మాగారాలలో చెవి రక్షణ సాధనాలకు బదులు కావు. ధర్మవరం మరమగ్గాల టకటకలు, తాడిపత్రి బండల కోత యంత్రాల కీచు శబ్దం ఎక్కువ పౌనఃపున్యాలు గలవి, వీటిపై ఏ.ఎన్.సి. ప్రభావం స్వల్పం. అటువంటి చోట్ల పనిచేయువారు ప్రమాణీకరించిన ఇయర్‌ప్లగ్గులను గాని ఇయర్‌మఫ్‌లను గాని వాడాలి. ఇవి ఏ.ఎన్.సి. హెడ్‌ఫోన్ల కంటె చాలా చౌక కూడా.

ద్విచక్ర వాహనం, ట్రాక్టరు నడుపునప్పుడు, రహదారి వెంట నడుచునప్పుడు, రైలు పట్టాలు దాటునప్పుడు వీటిని ధరించరాదు. దూరం నుండి వచ్చు లారీ హోరు, రైలు గడగడ తక్కువ పౌనఃపున్యపు శబ్దాలే. అనగా మనిషిని ముందుగా హెచ్చరించు శబ్దాన్నే ఈ సాధనం అన్నిటికంటె బాగా తుడిచివేస్తుంది. బస్సు దిగుటకు ముందే వీటిని తీసి సంచిలో పెట్టుకొనుట మంచి అలవాటు.

ఇవి కూడా చూడండి

* ధ్వని
* డెసిబెల్
* చెవి
* శబ్ద కాలుష్యం
* బ్లూటూత్
* అనంతపురం జిల్లా