అగ్గిపుల్ల కన్నా పొట్టి ఉక్కు

మీరిప్పుడు జంషెడ్‌పూర్‌లోని సోనారిలో ఉన్నారు. సువర్ణరేఖ, ఖర్కాయ్ కలిసే దోముహానీ ఇక్కడికి దగ్గరే. కానీ మీరొచ్చింది నదుల కోసం కాదు, ఓ చిన్న టెస్టింగ్ ల్యాబులో ఉక్కు విరగడం చూడ్డానికి. 1912లో ఇక్కడి కర్మాగారం తన మొదటి ఉక్కు దిమ్మ పోసిన ఊరిది. 1950 నుంచి నేషనల్ మెటలర్జికల్ ల్యాబొరేటరీ ఉన్న ఊరు కూడా.

లోపల లోలకంలా ఊగే హేమర్ పక్కన నిలబడ్డ పెద్దాయన కుటుంబం తాతల కాలంలో సిక్కోలు నుంచి వచ్చింది. కుర్రాళ్లతో హిందీ, మీతో తెలుగు. ‘‘కాస్త ఎనక్కి జరగండి బాబూ. కొట్టినప్పుడు కాదు, హేమర్ తిరిగొచ్చేటప్పుడే జాగర్త.’’

విరగ్గొట్టబోయే ఉక్కు ముక్కను మీ అరచేతిలో పెడతాడు. పొడవు 27 మిల్లీమీటర్లు, అడ్డం 4, మందం 3. అగ్గిపుల్ల కన్నా పొట్టి. ఒక వైపు 1 మిల్లీమీటరు లోతున వి ఆకారపు గాటు. గాటు లేకుండా కొడితే చాలా ఉక్కులు వంగి ఊరుకుంటాయి. పగులు ఎక్కడ మొదలవ్వాలో గాటు చెబుతుంది.

ముక్క రెండు దిమ్మల మీద కూర్చుంటుంది, గాటు హేమర్‌కు అవతలి వైపు. గొళ్లెం తీశాడు. టక్! ముక్క ఎగిరి పెట్టెలో పడింది. హేమర్ అవతలికి ఎంత ఎత్తు లేచిందో చూసి, పోయిన శక్తిని ముల్లు చెబుతుంది: 6 జౌళ్లు. విరిగిన ముఖం మసకగా, పీచుపీచుగా ఉంది. సాగి సాగి తెగిందన్నమాట.

రెండో ముక్క ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచిన తొట్టిలో ఉంది. మామూలు సైజు ముక్కనైతే బయటికి తీసిన 5 సెకన్లలో కొట్టాలి. ఈ బుల్లిది అంతసేపు కూడా ఆగదు, గాలి తగలగానే వేడెక్కుతుంది. అందుకే వీలైతే దిమ్మల మీదే చల్లబరుస్తారు. ఈసారి ముల్లు 1 దగ్గరే ఆగింది. ముఖం మెరుస్తోంది. అదే ఉక్కు, చలికి పెళుసైంది. 1943 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్ రేవులో కదలకుండా నిలబడ్డ షెనెక్టడీ ఓడ దాదాపు రెండుగా చీలడంలో ఈ గుణానిదీ పాత్ర ఉంది. ఇలా గాటు పెట్టి కొట్టే పరీక్షకు పేరిచ్చిన చార్పీ దాని గురించి 1901లోనే రాశాడు, ఓడలు కట్టేవాళ్ల చెవికి ఎక్కడానికి మాత్రం యుద్ధం కావాల్సొచ్చింది.

ఇంత చిన్న ముక్కతో ఎందుకు? దశాబ్దాలు నడిచిన బాయిలర్ గొట్టంలోంచి పెద్ద ముక్క కోస్తే గొట్టమే పోతుంది. అణు రియాక్టర్లో న్యూట్రాన్ల దెబ్బ తిన్న నమూనాలు ఉండేవే కొన్ని. 55 మిల్లీమీటర్ల మామూలు చార్పీ ముక్క విరిగితే ఒక్కో సగం 27.5. దాన్నే మళ్లీ కోసి ఈ చిన్నవి చేయొచ్చు.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. పెద్ద ముక్కలో తెగే అడ్డుకోత 80 చదరపు మిల్లీమీటర్లు, దీనిలో 9. కాబట్టి జౌళ్లను తొమ్మిదితో హెచ్చవేస్తే చాలనుకుంటారు. చాలదు. శక్తిని తినేది ఉపరితలం ఒక్కటే కాదు, గాటు చుట్టూ వంగే లోహమంతా. పైగా సన్నటి ముక్కలో గాటు మొన దగ్గరి లోహం పక్కలకు కుంచించుకుని ఒత్తిడి దించుకోగలదు. దాంతో అది పెళుసయ్యే ఉష్ణోగ్రత పెద్ద ముక్క కన్నా పదుల డిగ్రీలు కిందికి జరుగుతుంది. అంటే బుల్లి ముక్క ఉక్కుకు లేని మంచితనం చూపిస్తుంది.

మీ చేతికి ఎప్పుడైనా ఇలాంటి రిపోర్టు వస్తే, జౌళ్ల పక్కన ముక్క కొలతలు, పరీక్ష చేసిన ఉష్ణోగ్రత ఉన్నాయేమో చూడండి. లేకపోతే సంతకం పెట్టకుండా వెనక్కి పంపండి.