నార తీయు విద్య - మన పూర్వచరిత్రలో నొక ప్రకరణము

ఈ మహాసభా సంచికకు కులచరిత్రమును గూర్చి యేదైన వ్రాయుడని కార్యవర్గమువారు మమ్ము కోరినప్పుడు, రాజులను గూర్చి వ్రాయువారు పెక్కుమంది గలరు గాన మేము గోనెసంచిని గూర్చి వ్రాసెదమని చెప్పితిమి. ఆ మాటకు కొందఱు యువకుల ముఖములు చిన్నవోయినవి. పెరికవారమని చెప్పుకొనుటకు జంకనివారు సైతము పెరిక యనగా నేమని యడిగినచో మాట దాటవైచుచున్నారు. పెరిక యనగా ఎద్దు వీపుపై నిరుప్రక్కల వ్రేలవైచు సంచి. జనుము పండించుట, నార తీయుట, వడకుట, గోనె నేయుట, సరకు నింపి యెద్దులపై గొనిపోవుట, ఇవి మన పూర్వుల వృత్తులు. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ ప్రకటించిన దక్షిణదేశపు కులముల గ్రంథమున మనవారు గోనె నేయువారుగనే పేర్కొనబడిరి. తమిళదేశపు జనప్పరులును అట్టివారే. వారి పేరే జనుమునుండి పుట్టినది.

ఇది హీనమని తలచువారికి వ్యాకరణము చూపవలసియున్నది. పాణిని తన యష్టాధ్యాయి నాల్గవ యధ్యాయమున 'గోణీ' యను రూపము సంచి యను నర్థమందు సిద్ధించునని విధించెను. సూత్రమున నొక యక్షరము తగ్గిన సంతసించు నా మహర్షి గోనెకు చోటిచ్చెను! ఆంగ్లేయుల 'గన్నీ' శబ్దమునకును ఇదియే మూలము. కౌటిల్యుని యర్థశాస్త్రమున సూత్రాధ్యక్షుడు వడికింపవలసిన వానిలో ఉన్ని, ప్రత్తులతోపాటు శణము గలదు. శణమే మన జనుము. మనుస్మృతి క్షత్రియునకు శణసూత్రపు యజ్ఞోపవీతమును, వైశ్యవటువునకు శణపు మొలత్రాటిని విధించినది.

ఇచ్చట మా తప్పు నొకటి యొప్పుకొనవలయును. జనుపనార యనగా బెంగాలుదేశపు జూటు అని మేము బడిలో ముప్పదియేండ్లు పిల్లలకు చెప్పితిమి. జనుము పసుపుపచ్చని పూవులు పూచు, కాయధాన్యముల జాతి మొక్క; జూటు వేఱు. విశాఖ మండలమున పండి, భీమునిపట్టణపు రేవు పేరిట విదేశముల కేగిన గోగునార మఱియు వేఱు. జూటు మన సంచిని గొనుటయే గాక మన నార పేరునుగూడ గొనిపోయినది.

దివిసీమలో మా మాతామహి నార తీయుట చూచినది. ఆమె చెప్పగా మేము వింటిమి. విత్తు ఒత్తుగా చల్లవలయును, లేనిచో కొమ్మలు వేసి నార పొట్టిదగును. కోసి, ఆకు రాల్చి, కట్టలు గట్టి నీట నూరవైతురు. మొదలు దళసరి గనుక తొలుత కట్టలను నిలువుగా నీటిలో నిలిపి, పిదప పండవైతురు. వేడి దినములలో నాలుగైదు దినములు, చలికాలమున నంతకు మించి. ఒక్కదినము తక్కువైన బెరడు విడివడదు. ఒక్కదినము హెచ్చైన నారయే క్రుళ్లును. గడియారము లేదు, కొలత లేదు. నీటిలో చేయి పెట్టి కాడ నడుమ బెరడు నొక్కి లాగి, అది చివరవఱకు జాఱినచో "పట్టు వదలినది" అనెడివారట. బెరడును పుల్లకు అంటించు బంక నీటిలోని సూక్ష్మజీవులచే కరగునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆమెకు ఆ సంగతి తెలియదు గాని, ఆ బంక యెప్పుడు కరగునో తెలియును. ఆ నీటి కంపునుగూడ ఆమె మఱువలేదు. మనమును దాచరాదు.

బెజవాడకడ కృష్ణపై ఆనకట్ట పూర్తియైనది 1855లో. కలకత్తాకు సమీపమున రిష్రాలో మొదటి జూటుమిల్లు పుట్టినదియు 1855లోనే. ఒకటి డెల్టాలో వరిని పెంచి సంచుల యవసరమును హెచ్చించినది. రెండవది ఆ సంచులను మనచేత నేయింపకుండ చేసినది. అంతకు పూర్వమే స్కాట్లండు దేశమున డండీ పట్టణమువారు తిమింగలపు నూనెతో జూటును మెత్తపఱచి యంత్రములపై వడకుట నేర్చియుండిరి. కదురుతో వడకువారు ఆవిరియంత్రముతో నెట్లు పోటీపడగలరు?

అయినను ఒక విశేషము గలదు. వడకుటకు, నేయుటకు యంత్రము వచ్చినను నార తీయుటకు రాలేదు. బెంగాలు రైతు నేటికిని మొలబంటి నీటిలో నిలిచి చేతితోనే జూటు నార నొలుచుచున్నాడు. చీనాగడ్డి యను మొక్కనుండి నార చెడకుండ తీయు యంత్రమునకు ఇండియా ప్రభుత్వమువారు 5,000 పౌనుల బహుమానము ప్రకటించిరి. 1872లో సహరన్‌పూరున జరిగిన పరీక్షలో గ్రెయిగ్ అను ఎడింబరో వాసికి 1,500 పౌనులు మాత్రము దక్కినవి. 1879లో మరల పరీక్ష జరిపినను పూర్తి బహుమానమునకు తగిన యంత్రము కానరాలేదు. పుల్లను విఱుచు బలము యంత్రమున కున్నది. నారను నొప్పింపక విడుచు నేర్పు లేకపోయినది. మన పూర్వస్త్రీల వ్రేళ్లలో నుండిన దా నేర్పే.

మెక్సికోలో యుకటాన్ సీమయందు గత శతాబ్దమునకు పూర్వశతాబ్దమున పుట్టిన 'రాస్పడోర్' అను గోకుడు యంత్రము కిత్తనారకు చక్కగా పనికివచ్చినది. దాని సంతతివే నేడు అరటినారకు వాడు యంత్రములు. కృష్ణ లంకలలో నొకచోట మేము దానిని చూచితిమి. తిరుగు పీపాపై మొద్దు అలుగులు, వాని కెదురుగా నొక పలక, నడుమ సన్నని సందు. అరటిబోదె పట్టను సగమువఱకు చొనిపి వెనుకకు లాగి, త్రిప్పి రెండవ సగము చొనుపుదురు. గుజ్జు రాలిపోయి తెల్లని నార చేతిలో మిగులును. ఆ సందు రవ్వంత తగ్గిన నార తెగును, పెరిగిన గుజ్జు మిగులును. దానిని సరిచేయు పడుచు మాటిమాటికి మర బిగించి, నారను వ్రేళ్లతో నులిమి చూచుచుండెను. మాకు మాతామహి జ్ఞప్తికి వచ్చినది.

జూటు, గోగులకు పచ్చికాడనుండి బెరడు మాత్రము నొలుచు యంత్రములు వచ్చినవి. బెరడు నొక్కదానినే యూరవైచిన నీరు మిక్కిలి తక్కువ చాలును. బారక్‌పూరు పరిశోధనాలయమువారు ఊరుట త్వరపడుటకు 'క్రిజాఫ్ సోనా' యను సూక్ష్మజీవుల మిశ్రమమును చేసిరి. మన డెల్టాలో జనుము నేటికిని పండుచున్నది గాని పశువుల మేతకును, పచ్చిరొట్టకును మాత్రమే. నార తీయువారు మాకు కనబడలేదు. వలలకు, మోకులకు, సన్నకాగితమునకు తగిన నార అట్లే దున్నబడుచున్నది. మరల గోనె నేయుడని మేము చెప్పము. ఆ వెట్టిచాకిరి యెవ్వరికిని వలదు. కాని మన విద్యార్థి వేతనములు పొందు యంత్రశాస్త్ర విద్యార్థులలో నొకడైన జనుమునకు తగిన యంత్రమును గూర్చి యాలోచించినచో, దాతల ద్రవ్యము సార్థకమని మా యభిప్రాయము.

మాతామహి కదురు మాయింట గలదు. మహాసభ దినమున దానిని తెచ్చి ప్రదర్శనశాలలో నుంచెదము. మీయిండ్ల అటకలపై గోనెమగ్గపు సామగ్రి యేదైన నున్నచో తెండు. దాని భాగముల పేళ్లు తెలిసిన వృద్ధులుండినచో వారినిగూడ తోడ్కొనిరండు. ఆ పేళ్లు వ్రాసికొనుటకు మేము పుస్తకముతో కూర్చుండెదము.