అమ్మ పేరు లేని మచ్చ

మా మేనకోడలు పుట్టిన మూడో రోజు. ఎడమ కాలి మీద, తొడ నుంచి పాదం దాకా, ఊదారంగు వల పరిచినట్టుంది. పిల్లల డాక్టరు ఆ కాలిని వెచ్చటి గుడ్డలో చుట్టి, కాసేపాగి విప్పి చూశారు. చలికి చాలామంది పసిపిల్లల ఒళ్ళు ఇలాగే గళ్ళుగళ్ళుగా అవుతుందట, వెచ్చబడితే మామూలైపోతుందట. ఇది పోలేదు. కాగితం మీద ఒక పేరు రాసిచ్చారు: క్యూటిస్ మార్మొరాటా టెలాంజియెక్టాటికా కంజెనిటా. గదిలోంచి బయటికి రాగానే మా అమ్మ అక్కని అడిగిన మొదటి మాట, "గ్రహణం రోజు బయటికేమైనా వెళ్ళావా?"

అక్క ఏమీ అనలేదు. ఆ రాత్రి నేను ఆ పేరు వెంట పడ్డాను.

విడదీస్తే సులువే. చర్మం, చలువరాయిలాంటిది, చివరి రక్తనాళాలు ఉబ్బినది, పుట్టుకతో వచ్చినది. ఈ పేరుతో దీన్ని 1922లో వర్ణించింది కాటో వాన్ లోహైజెన్ అనే డచ్ వైద్యురాలు. వ్యాసం రాసింది జర్మన్‌లో, అచ్చయింది ఒక స్కాండినేవియన్ చర్మవైద్య పత్రికలో. నన్ను ఆపింది వేరే సంగతి. పుట్టుమచ్చకి డచ్‌లో 'మూడర్‌వ్లెక్' అంటారు, జర్మన్‌లో 'ముట్టర్‌మాల్'. రెండిటికీ అర్థం అమ్మ మచ్చ అనే. ఆ రెండు భాషల మధ్య కూర్చుని ఆవిడ పెట్టిన పేరులో మాత్రం అమ్మ లేదు. కావాలని తీసేసిందని నేననను. లాటిన్‌లో పేర్లు పెట్టే పద్ధతే అది. కానీ లేకపోవడం లేకపోవడమే.

ఆ 'అమ్మ మచ్చ' వెనక పెద్ద చరిత్రే ఉంది. గర్భిణి ఏది చూసి జడుసుకుంటే, దేని మీద ఆశపడితే దాని ముద్ర బిడ్డ ఒంటి మీద పడుతుందని యూరప్‌లో చదువుకున్నవాళ్ళూ నమ్మారు. 1714లో చర్మవ్యాధుల మీద పుస్తకం రాసిన లండన్ వైద్యుడు డేనియల్ టర్నర్ కూడా నమ్మాడు. 1726లో మేరీ టాఫ్ట్ అనే ఇంగ్లండ్ పల్లెటూరావిడ తాను కుందేళ్ళని కన్నానంటే పేరున్న డాక్టర్లే కొందరు నిజమే అనుకున్నారు! గర్భంతో ఉండగా కుందేలు కనబడిందని ఆమె చెప్పిన కథ ఈ నమ్మకంలో సరిగ్గా ఇమిడిపోయింది. చివరికి మోసమని ఆమే ఒప్పుకుంది. మరుసటి ఏడాదే జేమ్స్ బ్లాండెల్ అనే వైద్యుడు ఈ నమ్మకం అనుభవానికీ, తర్కానికీ, శరీరశాస్త్రానికీ పొసగదని రాశాడు. టర్నర్ ఊరుకోలేదు, వాళ్ళ వాదులాట ఏళ్ళపాటు నడిచింది.

మనం 'పుట్టుమచ్చ' అన్నాం. మాటలో పుట్టుక ఉంది గానీ అమ్మ లేదు. మాటలో లేని అమ్మని ఇంట్లో వెతికి మరీ పట్టుకుంటాం.

లోహైజెన్ పెట్టిన పేరు కూడా ఒకసారి దారి తప్పింది. 1997లో, తల పెద్దగా ఉండి ఒంటి మీద ఎర్రటి వల ఉన్న పిల్లల్ని వర్ణిస్తూ ఆ జబ్బుకీ ఇదే పేరు తగిలించారు. అది వేరే రకం మచ్చ అని తేల్చి పేరు మార్చింది 2007లో. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, రెండు వేర్వేరు బగ్గులకి పదేళ్ళు ఒకే టికెట్ నడిచింది. ఇక్కడ టికెట్ అంటే ఒక బిడ్డ. దేనికి భయపడాలో, దేనికి అక్కర్లేదో ఆ పేరును బట్టే తల్లిదండ్రులకి తెలుస్తుంది.

కారణం సంగతి. ఈ మచ్చ ఉన్న కొందరు పిల్లల చర్మంలో జీఎన్ఏ11 అనే జన్యువులో మార్పు ఉందని 2022లో ప్రచురించారు. లోహైజెన్ వ్యాసానికి సరిగ్గా వందేళ్ళకి. ఆ మార్పు అమ్మ నుంచో నాన్న నుంచో వచ్చింది కాదు. పిండం పెరుగుతుండగా ఒకానొక కణంలో జరిగింది. ఆ కణం సంతతి ఎక్కడ చేరితే అక్కడే మచ్చ. ఒళ్ళంతా కాకుండా ఒక్క కాలికే ఎందుకన్న నా ప్రశ్నకి జవాబు అక్కడ దొరికింది.

ఇదంతా మా అమ్మకి చెప్పాను. "అయితే దాని తప్పేం లేదంటావు," అంది. లేదన్నాను. "మరి గ్రహణం?" అంది.

చాలామందిలో మొదటి రెండేళ్ళలో ఇది పలచబడుతుంది. కొందరిలో మచ్చ ఉన్న కాలు కాస్త సన్నగా ఉండిపోతుంది. అందుకని అక్క నెలకోసారి టేపుతో రెండు పిక్కలూ కొలిచి ఫోన్‌లో రాసుకుంటోంది. మొన్న అర సెంటీమీటరు తేడా వచ్చింది. పిల్ల కదలకుండా కాలు పట్టుకునేది మా అమ్మే. గ్రహణం మాట మాత్రం ఇంకా పూర్తిగా వదల్లేదు.