నీలి పసికందులు, బావి నీరు

1945లో అయోవా విశ్వవిద్యాలయ వైద్యుడు హంటర్ కోమ్లీ అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. పల్లెల నుంచి వచ్చిన పసిపిల్లల ఒళ్ళు నీలంగా మారడం ఆ వ్యాసంలోని విషయం. అటువంటి బిడ్డను చూడగానే వైద్యునికి మొదట తట్టేది గుండెలో లోపం. కోమ్లీ అక్కడితో ఆగక, సీసాపాలలో కలిపే నీటి గురించి ఆలోచించారు. అది ఇంటి బావి నీరు. అందులో నైట్రేటు అధికంగా ఉంది.

పసిబిడ్డ కడుపులో సూక్ష్మజీవులు నైట్రేటును నైట్రైటుగా మారుస్తాయి. అది రక్తంలో చేరి హిమోగ్లోబిన్‌లోని ఇనుమును మార్చివేస్తుంది. ఆ ఇనుము ఇక ప్రాణవాయువును మోయలేదు. మెట్‌హిమోగ్లోబినీమియా అనే ఈ వ్యాధిని విద్యార్థిగా నేను రెండే వాక్యాలలో బట్టీపట్టాను: చాక్లెట్ రంగు రక్తం, మిథిలీన్ బ్లూ మందు. ఆ బావి చుట్టూ ఏముందని మా పాఠ్యపుస్తకం అడగలేదు, నేనూ అడగలేదు.

దానికి జవాబు మట్టిలో ఉంది. బంకమట్టి రేణువులది ఋణావేశం. ధనావేశం గల అమ్మోనియం వాటిని అంటిపెట్టుకొని ఉంటుంది. నైట్రేటుదీ ఋణావేశమే గనుక మట్టి దానిని పట్టి ఉంచలేదు. వేళ్ళు అందుకోగా మిగిలినది వాననీటితో కిందికి జారిపోతుంది. కోమ్లీ చూసిన కాలంలో లోతు తక్కువ బావులను పాడుచేసినవి ముఖ్యంగా పశువుల పెంట, మరుగుదొడ్లు. ఎరువుల వరద ఆ తరువాత వచ్చింది.

ఆ వరదకు మూలం అంతకుముందే ఉంది. ఫ్రిట్జ్ హేబర్ 1909లో గాలిలోని నత్రజనితో అమోనియా చేసి చూపారు. కార్ల్ బాష్ 1913లో జర్మనీలోని ఓపావులో దానిని పరిశ్రమగా నిలబెట్టారు. రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక, అమెరికాలో పేలుడు పదార్థాల కోసం నడిచిన కర్మాగారాలు ఎరువుల వైపు మళ్ళాయి. ఈ నత్రజని లేకపోతే నేటి మానవులలో దాదాపు సగం మందికి తిండి దొరకదని ఒక అంచనా. దానిని వట్టి విషమని తిట్టడం సులువే గాని న్యాయం కాదు.

అయితే మూల్యం చెల్లించేది మరొకరు. తాగునీటిలో నైట్రేటు రూపంలోని నత్రజని లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటరాదన్నది అమెరికా పరిమితి. అయోవా రాజధాని డీ మోయిన్ నగరం నైట్రేటును తొలగించడానికే ఒక ప్రత్యేక కేంద్రాన్ని నడుపుతోంది. పొలాల అడుగున గొట్టాల ద్వారా నైట్రేటు నదిలోకి వస్తోందంటూ ఆ నగర నీటి సంస్థ 2015లో ఎగువనున్న మూడు కౌంటీలపై దావా వేసింది. 2017లో న్యాయస్థానం దానిని కొట్టివేసింది. అదే ఏడు వేసవిలో, మిసిసిపీ నది కలిసే మెక్సికో సింధుశాఖలో ప్రాణవాయువు కరువైన ప్రాంతం సుమారు 22,700 చదరపు కిలోమీటర్లకు విస్తరించింది. 1985లో కొలతలు మొదలైన తరువాత అప్పటివరకు అంతటిది లేదు.

నీలి బిడ్డలు ఇప్పుడు అరుదు. కాని పై పరిమితి సొంత బావులకు వర్తించదు. అక్కడ పరీక్ష చేయించుకోవలసింది ఇంటివారే. అందుకే ఈ వ్యాధిని విద్యార్థులకు చెప్పేటప్పుడు మందు పేరు కంటే ముందు ఒక ప్రశ్న నేర్పుతాను: ఆ ఇంట్లో నీళ్ళు ఎక్కడివి?