నేటాల్ వెళ్ళిన ముత్తాత ఊరు దొరికింది అనుకున్నాం... కానీ!

ఈ వారం మీకు ఒక హ్యాపీ ఎండింగ్ కథ చెప్పాలి అనుకున్నా. థంబ్‌నెయిల్ కూడా రెడీ చేసేశా. "130 ఏళ్ళ తర్వాత కలిసిన కుటుంబం" అని. ఆ వీడియో ఎడిట్ చేస్తూ రాత్రి రెండింటికి ఒక దగ్గర ఆగిపోయా. ఒకే ఒక్క మాట దగ్గర. ఆ మాట విన్నాక ఆ వీడియో పెట్టలేకపోయాను. ఎందుకో ఈ రోజు చెప్తాను.

డర్బన్ నుంచి ఒక అక్క నాకు మెయిల్ పెట్టింది. డర్బన్ అంటే దక్షిణాఫ్రికా. తెలుగు వాళ్ళే, కానీ అక్కకి తెలుగు రాదు. అమ్మ, తాత, అవ్వ లాంటి నాలుగైదు మాటలు మిగిలాయి అంతే. వాళ్ళ నాన్నకి ఎనభై దగ్గర పడుతోంది. ఆయన కోరిక ఒక్కటే: మా తాత పుట్టిన ఊరి మట్టి ఒక్కసారి తొక్కాలి. పేరు, ఊరు నేను బయటపెట్టను, అది వాళ్ళ ఇంటి విషయం. కానీ వెతికిన దారి మాత్రం మొత్తం చెప్తా, ఎందుకంటే ఇది ఎవరికైనా పనికొస్తుంది.

ముందు కొంచెం హిస్టరీ. అప్పట్లో డర్బన్ ఉన్న ప్రాంతాన్ని నేటాల్ అనేవాళ్ళు, బ్రిటిష్ కాలనీ. చెరకు తోటల్లో పనికి మనుషులు కావాలి. అందుకని మన దేశం నుంచి ఐదేళ్ళ అగ్రిమెంట్ మీద కూలీలను తీసుకెళ్ళారు. మొదటి ఓడ ట్రూరో. 1860 అక్టోబర్ 12న మద్రాసులో బయల్దేరి, నవంబర్ 16న డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 వరకు 384 ఓడ ప్రయాణాల్లో 1,52,184 మంది వెళ్ళారు. అందులో సుమారు మూడింట రెండొంతులు మద్రాసు రేవు నుంచి వెళ్ళినవాళ్ళే. జీతం మొదటి ఏడాది నెలకి 10 షిల్లింగులు. ఏడాదికో షిల్లింగు పెరిగి ఐదో ఏడాదికి 14 అయ్యేది. పదేళ్ళు అక్కడ ఉంటే తిరుగు ఓడ టికెట్ ఫ్రీ. కొంతమంది వచ్చేశారు, చాలామంది ఉండిపోయారు. అక్క వాళ్ళ ముత్తాత ఉండిపోయిన వాళ్ళలో ఒకడు.

ఇప్పుడు అసలు పాయింట్. నేటాల్‌లో దిగిన ప్రతి మనిషికీ ఒక కలోనియల్ నంబర్ ఇచ్చేవాళ్ళు. ఒకరి నంబర్ ఇంకొకరికి ఉండదు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే ప్రైమరీ కీ. పిల్లలు పుట్టినా, పెళ్ళి అయినా, చనిపోయినా కాగితాల్లో ఆ నంబర్ వెంట వచ్చేది. ఒక మనిషిని నంబర్ చేశారు అంటే బాధగానే ఉంటుంది. కానీ ఈ రోజు ఆ మనిషిని మళ్ళీ పట్టుకోవడానికి ఉన్న గట్టి తాడు కూడా అదే.

అక్క వాళ్ళ తాత బర్త్ కాగితం మీద ఆ నంబర్ ఉంది. దాంతో ఓడ లిస్టులో లైను దొరికింది. ఈ లిస్టులను డర్బన్‌లోని గాంధీ-లుతులీ డాక్యుమెంటేషన్ సెంటర్ వాళ్ళు ఆన్‌లైన్‌లో పెట్టారు. ఒక్క లైనులో ఎంత ఉంటుందో చూడండి: పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద పుట్టుమచ్చ ఎక్కడుంది, మచ్చ ఎక్కడుంది. ఆయనకి ఎడమ మోచేతి మీద గాయం మచ్చ. అక్క ఆ లైను చదివి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఎందుకంటే వాళ్ళింట్లో ఆయన ఫోటో ఒక్కటి కూడా లేదు. ఆ మచ్చే ఫోటో.

ఇక్కడే చాలామంది "అయిపోయింది, ఊరు దొరికేసింది" అనుకుంటారు. కాలేదు ఫ్రెండ్స్, ఇక్కడే మొదలవుతుంది.

ఒకటి, జిల్లా. లిస్టులో రాసిన జిల్లా ఈ రోజు జిల్లా కాదు. నార్త్ ఆర్కాట్ అని ఉంటే తమిళనాడు అనుకుని వదిలేయకండి. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకుముందు చిత్తూరు, తిరుపతి వైపు ఊళ్ళు నార్త్ ఆర్కాట్‌లోనే ఉండేవి. గంజాం అని ఉంటే ఒడిశా అనుకోకండి, అప్పట్లో శ్రీకాకుళం గంజాం జిల్లా. 1936లో ఒడిశా వేరైనప్పుడు అది విశాఖపట్నం జిల్లాలోకి వచ్చింది. విశాఖపట్నం జిల్లా అని ఉంటే అందులో ఈ రోజు విజయనగరం ఉంది, అనకాపల్లి ఉంది, పార్వతీపురం కూడా ఉంది.

రెండు, స్పెల్లింగ్. మన ఊరి పేరు మన యాసలో ఆయన చెప్పాడు. అవతల రాసుకున్న గుమస్తాకి తెలుగు వచ్చో రాదో. చెవికి వినపడింది ఇంగ్లీషులో రాశాడు. శ్రీకాకుళం చికాకోల్ అయిన కాలం అది. భీమునిపట్నం బిమ్లీపటం అయిన కాలం. అంతెందుకు, 1996 దక్షిణాఫ్రికా రాజ్యాంగంలో గౌరవించాల్సిన భాషల లిస్టులో మన భాష కూడా ఉంది. చాలా గొప్ప విషయం. కానీ దాన్ని అక్కడ "టెలెగు" అని రాశారు! మరి 1890ల్లో ఒక పల్లెటూరి పేరు ఎలా రాసి ఉంటారో మీరే ఆలోచించండి.

మూడు, ఇంటిపేరు. మనకి ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. చాలా లైన్లలో పేరు, తండ్రి పేరు రాసి ఇంటిపేరు వదిలేశారు. అందుకే అక్కడ చాలా తెలుగు కుటుంబాలకి ముత్తాత పేరే ఇంటిపేరు అయిపోయింది. అప్పలస్వామి అనేది అక్కడ సర్‌నేమ్. ఇలాంటి పేర్లలో ఒక క్లూ కూడా ఉంది. అప్పల అని వస్తే సింహాచలం అప్పన్న, పైడి అని వస్తే విజయనగరం పైడితల్లి, అంటే ఉత్తరాంధ్ర వైపు చూడాలి. ముని అని వస్తే చిత్తూరు వైపు. క్లూ మాత్రమే, ప్రూఫ్ కాదు.

అక్క వాళ్ళ ముత్తాత పేరు ఉత్తరాంధ్ర పేరే. జిల్లా విశాఖపట్నం. ఊరి స్పెల్లింగ్ దగ్గరగా ఉన్న ఊళ్ళు మ్యాపులో మూడు దొరికాయి. ఒక ఊళ్ళో తెలిసినవాళ్ళ ద్వారా 85 ఏళ్ళ తాత ఒకాయన దొరికాడు. "మా తాత అన్న ఓడెక్కి పోయాడు బాబూ, మరి రాలేదు" అన్నాడు. నాకు ఒళ్ళు ఝల్లుమంది. వెంటనే వీడియో కాల్ కలిపా. అటు డర్బన్‌లో అక్క, వాళ్ళ నాన్న. ఇటు అరుగు మీద తాత, చుట్టూ సగం ఊరు. భాష రాదు, అయినా అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చా. అక్క సంక్రాంతికి టికెట్లు బుక్ చేసేసింది.

మూడు రోజుల తర్వాత ఎడిటింగ్. తాత మాట్లాడుతున్న క్లిప్. "అన్న ఓసారి పండక్కొచ్చి, అందరికీ లుంగీలు తెచ్చి, మా తాతని కూడా తీసుకుపోయాడు. యుద్ధంలో మా తాత నడిచొచ్చేశాడు. అన్న రాలేదు."

నడిచొచ్చేశాడు.

నేటాల్ నుంచి నడిచి ఎలా వస్తారు? మధ్యలో సముద్రం ఉంది!

పొద్దున్నే ఫోన్ చేశా. "తాతా, ఏ దేశం వెళ్ళారు వాళ్ళు?" అంటే, "రంగమే బాబూ, ఇంకేటనుకున్నావు?" అన్నాడు.

రంగం అంటే రంగూన్, బర్మా. ఉత్తరాంధ్రలో ఓడెక్కి పోయాడు అంటే ఎక్కువ శాతం రంగమే. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుంచి బర్మాకి జనం వెళ్ళేవాళ్ళు. అక్కడ మన వాళ్ళని కోరంగీలు అనేవాళ్ళు, కాకినాడ దగ్గర కోరంగి రేవు పేరు మీద. రెండు మూడేళ్ళు పని చేసి, డబ్బు దాచుకుని, ఇంటికొచ్చి మళ్ళీ వెళ్ళడం మామూలు. 1942లో జపాన్ వాళ్ళు బర్మా మీదకి వచ్చినప్పుడు లక్షల మంది భారతీయులు పారిపోయారు. ఎంతోమంది కొండలు, అడవులు దాటి నడిచే వచ్చారు. తాత చెప్పిన కథ అక్షరాలా నిజం. కానీ అది వేరే ఓడ, వేరే సముద్రం. మన ముత్తాత 1890ల్లో మద్రాసులో ఎక్కాడు. 1942కి ఎంతో ముందే నేటాల్‌లో చనిపోయాడు, డెత్ కాగితం మీద అదే నంబర్ ఉంది.

మరి తండ్రి పేరు కలిసింది కదా అని మీకు డౌట్ రావచ్చు. అది నా తప్పు. నేను "మీ తాత వాళ్ళ నాన్న పేరు ఏంటి" అని అడగలేదు. లిస్టులో ఉన్న పేరు చదివి "ఇదేనా" అని అడిగా. తాత పాపం "అదే అయ్యుంటాది" అన్నాడు. జవాబు నేనే చేతికిచ్చి, మ్యాచ్ అయిందని సంబరపడ్డా. ఆఫీసులో ఎవరైనా ఇలా టెస్ట్ రాస్తే నేనే తిట్టేవాడిని.

అక్కకి ఫోన్ చేయడం చాలా కష్టమైంది. ఒక్క నిమిషం అనిపించింది కూడా, చెప్పకపోతే ఏమవుతుంది? పెద్దాయన వచ్చి ఆ మట్టి తొక్కి సంతోషంగా వెళ్తాడు, ఎవరికి నష్టం? కానీ ఆ లైనులో ఉన్న మనిషి గురించి ఆలోచించా. భాష రాని గుమస్తా ముందు నిలబడి ఆయన తన తండ్రి పేరు, తన ఊరి పేరు చెప్పాడు. తన గురించి ఆయన స్వయంగా చెప్పి, ఈ రోజుకి మిగిలిన మాటలు అవే. మన తొందర కోసం వాటిని మార్చేస్తే ఆయన్ని రెండోసారి పోగొట్టినట్టే. ఆ ఊరి తాతకి కూడా అన్యాయమే. ఆయన ఎదురుచూసే మనిషి బర్మా దారిలో పోయాడు, డర్బన్‌లో కాదు.

చెప్పేశా. అక్క కాసేపు మౌనంగా ఉండి, "నాన్నకి నేను చెప్తాలే" అంది. టికెట్లు మాత్రం క్యాన్సిల్ చేయలేదు.

తర్వాత పద్ధతిగా వెతికాం. ఇండియా వైపు కాగితాలు ఎందుకు దొరకవో కూడా తెలిసింది. ఆ ఊళ్ళు విజయనగరం, బొబ్బిలి లాంటి జమీందారీల కింద ఉండేవి. రైతు నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే చోట పాత సెటిల్మెంట్ రిజిస్టర్లలో పేర్లు దొరుకుతాయి, చెన్నై ఎగ్మోర్‌లోని ఆర్కైవ్స్‌లో చూడొచ్చు. జమీందారీ ఊళ్ళల్లో చాలావాటికి 1948 ఎస్టేట్స్ రద్దు చట్టం తర్వాతే ప్రభుత్వ సర్వే, పట్టాలు వచ్చాయి. అప్పటికి మన ముత్తాత వెళ్ళిపోయి యాభై ఏళ్ళు. అసలు భూమే లేని కూలీ అయితే ఏ రిజిస్టర్‌లోనూ పేరు ఉండదు.

అందుకని మళ్ళీ నేటాల్ వైపు తిరిగాం. ఆయన నంబర్‌కి ముందు, వెనక నంబర్లు చూశాం. ఒకే ఊరి వాళ్ళు పక్కపక్కన నిలబడి పేర్లు రాయించుకుంటారు కదా! అదే ఓడలో ఇంకో ఇద్దరికి అదే ఊరు, కానీ స్పెల్లింగ్ వేరే. ఒకే పేరుని గుమస్తా రెండు రకాలుగా రాశాడు. ఆ రెండు స్పెల్లింగులూ, తాలూకా పేరూ కలిపి చూస్తే మూడు ఊళ్ళల్లో రెండు మిగిలాయి. ఏడ్చిన ఊరు ఆ రెండిట్లో లేదు.

ఈ రోజుకి అక్కడే ఉన్నాం. రెండు ఊళ్ళు, మధ్యలో ఒక చెరువు, నడిస్తే గంట దూరం. ఇకపై ఎవరిని కలిసినా పేర్లు ముందు మేము చెప్పం. ఇంటిపేరు అడుగుతాం, ఇలవేల్పు ఎవరో అడుగుతాం, ఓడెక్కినోళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగి, ఏ రేవులో అని కూడా అడుగుతాం.

సంక్రాంతికి పెద్దాయన వచ్చారు. మేము ఏమీ దాచలేదు, ఈ రెండిట్లో ఒకటి అని చెప్పాం. ఆయన రెండు ఊళ్ళల్లోనూ చెప్పులు విప్పి నడిచారు. తర్వాత తనే అడిగి, బర్మా తాత ఊరికి కూడా వెళ్ళారు. ఇద్దరూ అరుగు మీద కూర్చుని టీ తాగారు. ఇద్దరి ఇళ్ళల్లోనూ ఒక మనిషి ఓడెక్కి తిరిగి రాలేదు. చుట్టాలు కాదు. అయినా కూర్చున్నారు.

మీ ఇంట్లో ఎనభై దాటిన వాళ్ళు ఉంటే ఈ రోజే ఫోన్ తీసి వాయిస్ రికార్డర్ ఆన్ చేయండి. ఎవరైనా దేశం దాటి వెళ్ళారా అని అడగండి. జవాబు మీరు అందించకండి, వాళ్ళనే చెప్పనివ్వండి. ఉంటాను ఫ్రెండ్స్, వచ్చే వారం కలుద్దాం.