డిచ్‌పల్లిలో స్నేహం

దోమకొండ అనగానే మనకి గుర్తొచ్చేది కోట. రాళ్లు మిగిలిన చోట చరిత్ర రాయడం తేలిక. అక్కణ్ణుంచి కామారెడ్డి మీదుగా నిజామాబాద్ దారి పడితే డిచ్‌పల్లి వస్తుంది. నేను చెప్పాలనుకున్నది అక్కడి దవాఖాన గురించి.

ఇసబెల్ కెర్ స్కాట్లాండ్ డాక్టరు, అబర్డీన్‌లో చదువుకుంది. పాస్టరైన భర్త జార్జ్ కెర్‌తో కలిసి 1907లో వెస్లియన్ మిషన్ తరఫున నిజాం రాజ్యానికి వచ్చింది. నిజామాబాద్ ప్రాంతంలో ఆమెని ఆపేసింది కుష్ఠు. రోగం కంటే ముందు ఊరే మనిషిని చంపేసేది: బావి దగ్గరికి రానివ్వరు, పెళ్లికి పిలవరు, ఇంట్లోవాళ్లే బయటికి పంపేస్తారు. 1915లో డిచ్‌పల్లిలో ఆసుపత్రి తెరిచారు. పేరు మాత్రం విక్టోరియా రాణిది. ఆ పేరు నాకెప్పుడూ అతకదు.

ఆసుపత్రి కట్టడానికి పెద్ద విరాళమిచ్చింది రాజా నర్సాగౌడ్ అనే హిందువు. మిషన్ కథల్లో ఆయన సాధారణంగా 'దాత'గా ఒక వాక్యంలో వచ్చి వెళ్లిపోతాడు. నాకది అన్యాయం అనిపిస్తుంది. తన మతం కాని వాళ్లు, తన కులం కాని రోగుల కోసం అడిగితే ఇవ్వడాన్ని ఏమనాలి? మంచి సమరయుడి కథలో గాయపడినవాడికి ఆగి సాయం చేసింది పరాయివాడే కదా. డిచ్‌పల్లిలో ఆ పాత్ర ఎవరిదో తేల్చడం అంత సులువు కాదు.

'సేవ' అనే మాటతో నాకు పేచీ ఉంది. చేసేవాళ్లు పైన, చేయించుకునేవాళ్లు కింద. యోహాను సువార్తలో యేసు శిష్యుల్ని దాసుల స్థానం నుంచి స్నేహితుల స్థానానికి తెస్తాడు. అది రోజువారీగా ఎలా ఉంటుంది? అప్పట్లో కుష్ఠుకి ఉన్న మందు హిడ్నోకార్పస్ గింజల నూనె. దాన్ని సూదితో ఎక్కించాలి. విపరీతమైన నొప్పి. ఒకసారితో అయ్యేది కాదు, నెలలు, ఏళ్లు. అంటే అదే మనిషి అదే చెయ్యి చాపుతూ, అదే డాక్టరు అదే నొప్పి పెడుతూ, మళ్లీ మళ్లీ. ఫలితం గ్యారంటీ లేదు. ఇందులో వీరత్వం తక్కువ, ఓపిక ఎక్కువ. నిస్వార్థ స్నేహం అంటే నాకు కనిపించేది ఇదే.

అలాగని అంతా తెల్లగా చూపించలేం. మిషన్‌కి మతప్రచారం కూడా పనే. వెనక వలస పాలన నీడ ఉంది. ఆసుపత్రి రోగికి ఆసరా ఇచ్చింది, కానీ ఊరి నుంచి వేరుగా ఉంచే పద్ధతిని పూర్తిగా కూల్చలేదు. ఇంకో చిక్కు, మనకి దొరికే కథలన్నీ నయం చేసినవాళ్లవి. ఆ సూదులు భరించినవాళ్లు ఈ స్నేహాన్ని ఏమని పిలిచేవారో?

కెర్ దంపతులకి 1923లో కైసర్-ఎ-హింద్ పతకం వచ్చింది. ఇసబెల్ 1932లో చనిపోయింది. 1940లలో డాప్సోన్, 1980లలో బహుళ ఔషధ చికిత్స వచ్చాయి, కుష్ఠు నయమయ్యే జబ్బు అయిపోయింది. చట్టం మాత్రం వెనకే నడిచింది. భారతీయ క్రైస్తవుల విడాకుల చట్టంలోకి 2001 సవరణతో కుష్ఠు ఒక కారణంగా చేరింది, మందు దొరుకుతున్న కాలంలో! దాన్ని తీసేసింది 2019లో.